బీడ్ కూర్చుంది, తెల్లారేసరికి మళ్లీ గాలి లేదు: ఒక లాన్ మోవర్ చక్రం కేసు

కూర్చుని నడిపే లాన్ మోవర్. ముందు కుడి చక్రంలో గాలి సున్నా. టైరు రెండు వైపులా రిమ్ము అంచుని వదిలేసి మధ్యలోకి జారిపోయింది, మెషిన్ బరువు ఆ మూల రిమ్ము మీదే పడి ఉంది. దాదాపు ఏడాది షెడ్డులో అలాగే నిలబడిందట. ఓనరు నాకు బాగా తెలిసిన పెద్దాయన, బాబాయ్ అని పిలుస్తాను. నాకు ఫోన్ చేసేసరికే ఆయన రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి ఉన్నారు. మొదట సైకిల్ పంపు, తర్వాత కారు సాకెట్‌కి తగిలించే చిన్న ఇన్‌ఫ్లేటర్, అదీ కాకపోతే టైరు చుట్టూ తాడు కట్టి కర్రతో మెలేయడం.

"ఇటు మూస్తే అటు పోతోంది, అటు మూస్తే ఇటు పోతోందిరా. టైరు పోయినట్టేనా?"

"చూడకుండా చెప్పలేను బాబాయ్, పోయి ఉండదనే అనుకుంటున్నా. నేను వచ్చేదాకా మాత్రం మీరు ఇంకేం చేయకండి" అన్నాను.

అలా గట్టిగా ఎందుకు చెప్పానంటే, టైరు లోపల మండే స్ప్రే కొట్టి నిప్పు అంటిస్తే ఒక్క దెబ్బకి ఎక్కేస్తుందట, వీడియోలో చూశాను అని ఆయన అంతకుముందే ఒకసారి అన్నారు. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు టైరు సంగతి. దాని మీద సైజు 15×6.00-6 అని ఉంది. గాలి నిండితే ఎత్తు సుమారు 15 అంగుళాలు, వెడల్పు 6, అది కూర్చునే రిమ్ము వ్యాసం 6. ఈ తరహా మోవర్లకి ముందు చక్రాల్లో తరచూ కనిపించే సైజే. ట్యూబ్‌లెస్ కాబట్టి గాలిని పట్టి ఉంచేది లోపల ట్యూబు కాదు, టైరు అంచు రిమ్ముకి గట్టిగా ఒత్తుకుని ఉండటమే. ఆ అంచునే బీడ్ అంటాం. అందులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, అది సాగదు. రిమ్ము మీద బీడ్ కూర్చునే చోటు కొంచెం వాలుగా ఉంటుంది, లోపలి గాలి బీడ్‌ని బయటికి తోసేకొద్దీ అది ఆ వాలు ఎక్కి బిగుసుకుంటుంది. అంటే బీడ్‌ని బిగించి ఉంచేది కూడా గాలే. గాలి ఉంటేనే బీడ్ బిగుస్తుంది, బీడ్ బిగిస్తేనే గాలి ఉంటుంది. తంటా అంతా ఇక్కడే.

గాలి లేకుండా నెలల తరబడి బరువు కింద నలిగిన టైరు ఆ నలిగిన ఆకారానికే అలవాటు పడిపోతుంది. పక్క గోడలు లోపలికి ముడుచుకుంటాయి, రెండు బీడ్లూ దగ్గరికి వచ్చేస్తాయి, రిమ్ము రెండు అంచుల మధ్య వెడల్పు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. దాంతో రెండు పక్కలా చుట్టూ వేలు దూరేంత సందు. ఈ టైరులో పట్టే గాలి నా లెక్కలో 12 లీటర్ల చుట్టుపక్కల. కారు సాకెట్ ఇన్‌ఫ్లేటర్ నిమిషానికి 30 లీటర్లు ఇస్తే గొప్ప, అంటే సెకనుకి అర లీటరు. వేలు దూరే సందు ముందు అర లీటరు ఏ మూలకి? చిల్లు కుండలో చెంచాతో నీళ్లు పోసినట్టే. బాబాయ్ గంటన్నర ఆ ఇన్‌ఫ్లేటర్ నడిపారట, అది కాలిపోకపోవడమే ఆశ్చర్యం.

అందుకే ఈ పనిలో పీఎస్ఐ (గాలి ఒత్తిడి, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని) గురించి ఆలోచించేది చివర్లో. మొదట తేలాల్సింది పోయే గాలి కంటే వచ్చే గాలి ఎక్కువా కాదా అన్న ఒక్కటే. ఎక్కువ చేయాలంటే సందు తగ్గించాలి, లేదా గాలిని ఒక్కసారిగా గుప్పించాలి. నేను రెండూ చేస్తాను.

వెళ్లాక మొదట మోవర్‌ని చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేశాను. టైరు పనికి ప్లగ్ వైరు ఎందుకు అంటారేమో, ఆ మెషిన్ కింద బ్లేడు ఉంది, నా చేతులూ అక్కడే తిరుగుతాయి. జాకీ పెట్టి ముందు ఇరుసు ఎత్తి, కింద గట్టి దిమ్మ పెట్టాను. చక్రం విప్పడం సులువే. ప్లాస్టిక్ మూత పీకితే ఇరుసు చివర చిన్న క్లిప్పు, దాని వెనక వాషర్లు. ఆ క్లిప్పు తీసేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టాలి, నేను పెట్టలేదు, అది ఎగిరి షెడ్డులో ఎక్కడికో పోయింది, దాన్ని వెతకడానికి పట్టిన టైము చక్రం విప్పడానికి కూడా పట్టలేదు. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకున్నాను. ఆ అలవాటు మాత్రం తప్పను.

టైరు పక్క గోడలు వంచి చూశాను. సన్నటి ఎండ పగుళ్లు ఉన్నాయి గానీ లోపలి దారాలు కనపడటం లేదు, బీడ్ మీద చీలిక లేదు. దారాలు బయటపడితే, బీడ్ తీగ కనపడితే, పక్క గోడ మీద ఉబ్బు ఉంటే ఇక ఆ టైరుకి గాలి కొట్టకూడదు, తీసి పారేయడమే. ఇది వాడుకోవచ్చు అనిపించింది. రిమ్ము బయటి వైపు అంచు చూశాను, కాస్త మట్టి, ఎండిన గడ్డి, అక్కడక్కడా తుప్పు చుక్కలు. వైరు బ్రష్‌తో రుద్ది గుడ్డతో తుడిచాను. లోపలి వైపు? టార్చ్ వేసి ఒక చూపు చూసి, బాగానే ఉంది అనుకున్నాను. నా తప్పు అదే, దాని ఫలితం మర్నాడు తెలిసింది.

బాబాయ్ తాడు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే అర్థమైంది. ఆయన తాడు ట్రెడ్ (టైరులో నేలకి ఆనే భాగం) నడిమధ్యన కట్టలేదు, ఒక అంచుకి జరిగి ఉంది. నడిమధ్యన బిగిస్తే ట్రెడ్ లోపలికి నొక్కుకుని రెండు పక్క గోడలూ సమానంగా బయటికి తెరుచుకుంటాయి. పక్కకి జరిగితే ఒక బీడ్ మాత్రమే కదులుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. పైగా కర్రతో మెలేసిన తాడు ఒకే చోట నొక్కుతుంది. సామాను కట్టే రాట్చెట్ పట్టీ అయితే వెడల్పుగా ఉండి చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది.

టైరుని రెండు గంటలు ఎండలో పెట్టాను. ఇది చిట్కాలా కనిపిస్తుంది గానీ చల్లగా బిగుసుకున్న రబ్బరుకీ వెచ్చబడి మెత్తబడిన రబ్బరుకీ చాలా తేడా ఉంటుంది. కొత్త టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి అణిగిపోయి వచ్చినప్పుడు కూడా ఇదే, రెండు బీడ్ల మధ్య చెక్క ముక్కలు ఇరికించి ఒక రోజు ఎండలో ఉంచితే సగం పని అదే అయిపోతుంది.

తర్వాత రెండు బీడ్లకీ రిమ్ము అంచులకీ సబ్బు నీళ్లు చిక్కగా పూశాను. టైర్లకని అమ్మే లూబ్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే గిన్నెల సబ్బు ఎక్కువైతే మిగిలిపోయిన తడి తుప్పుకి దారి తీస్తుంది. నూనె, గ్రీజు, డీజిల్ మాత్రం వద్దు. అవి రబ్బరుని పాడుచేస్తాయి, ఆరవు కూడా, తర్వాత రిమ్ము తిరుగుతుంటే టైరు దాని మీద జారుతుంది. వెనక చక్రం అయితే ఈ జారుడు మరీ ఎక్కువ, ఇంజిన్ తిప్పేది దాన్నే కదా.

మొదటి ప్రయత్నం. పట్టీ వేసి బిగించాను, బాగా బిగించాను, మరీ బిగించాను. ట్రెడ్ ఒక చోట లోపలికి మడతపడి టైరు తమలపాకు ఆకారంలోకి వచ్చింది. అలా అయితే బీడ్ గుండ్రంగా ఉండదు, ఒక వైపు రిమ్ముకి తాకుతుంది, ఇంకో వైపు సందు ఇంకా పెద్దదవుతుంది. ఇన్నేళ్లుగా చేస్తున్నా ఈ పొరపాటు అప్పుడప్పుడూ చేస్తూనే ఉంటాను, పట్టీ చేతిలో ఉంటే ఇంకో క్లిక్కు, ఇంకో క్లిక్కు అనిపిస్తుంది. వదులు చేసి, బీడ్లు రిమ్ము అంచుకి అలా ఆనీ ఆననట్టు ఉండేంత వరకే మళ్లీ బిగించాను.

రెండోసారి కంప్రెసర్ పెట్టాను. నా కంప్రెసర్ ట్యాంకు 24 లీటర్లది, చిన్నదే. బుస్సుమంది, టైరు కాస్త ఊగింది, అంతే. వాల్వ్ లోపలి పిన్ను తీయలేదు మరి. ఆ సన్నటి పిన్ను, దాని స్ప్రింగు పక్కనుంచే గాలంతా దూరి వెళ్లాలి, కంప్రెసర్ ఎంత పెద్దదైనా దారి ఇరుకైతే గాలి ఇరుగ్గానే వస్తుంది. పిన్ను విప్పేసి, దాన్ని పోకుండా జేబులో కాకుండా ఒక మూతలో వేసి పెట్టాను. జేబులో వేసుకుంటే ఇంటికెళ్లాక దొరుకుతుంది.

మూడోసారి ఇంకొకటి మార్చాను, అదే బాగా పనిచేసింది. చక్రాన్ని నేల మీద కాకుండా బోర్లించిన బకెట్ మీద పడుకోబెట్టాను, రిమ్ము నడిమి భాగం మాత్రమే బకెట్‌కి ఆనేలా. అప్పుడు టైరు తన బరువుతో కిందికి వేలాడుతుంది, కింది బీడ్ కింది అంచు మీద కూర్చుంటుంది, కింది సందు దానంతటదే మూసుకుంటుంది. ఇక మిగిలింది పై సందు ఒక్కటే. అదే నేల మీద పెడితే టైరు నేలకి ఆని రిమ్ము కిందికి దిగుతుంది, పై సందు మూసుకుని కింది సందు తెరుచుకుంటుంది, దాన్ని మనం చూడలేం కూడా. బకెట్ మీద పెట్టి, ట్రెడ్ దగ్గర రెండు చేతులతో పట్టుకుని టైరుని కాస్త పైకి ఎత్తి అటూ ఇటూ కదిపితే పై బీడ్ కూడా దగ్గరికి వస్తుంది. చేతులు ట్రెడ్ దగ్గరే. బీడ్‌కీ రిమ్ముకీ మధ్యకి వేలు పోకూడదు, అది ఎక్కేటప్పుడు వేలు ఉందా లేదా అని చూడదు.

గాలి వదిలాను. బుస్సు శబ్దం సన్నబడి, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ శబ్దం ఆగిపోవడమే గుర్తు, పట్టేసింది అని. వెంటనే చేతులు తీసేశాను, గేజీలో ముల్లు కదలగానే పట్టీ వదులు చేసి తీసేశాను. లోపల గాలి పెరుగుతుంటే ట్రెడ్ ఉబ్బాలి, పట్టీ అలాగే ఉంచితే ట్రెడ్ ఒక వైపు, పట్టీ ఒక వైపు లాక్కుంటాయి.

ఇక్కడి నుంచి తొందర అక్కర్లేదు, భయం కావాలి. చిన్న టైరే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లెక్క చూడండి. 15 అంగుళాల బయటి వ్యాసం, 6 అంగుళాల లోపలి వ్యాసం, అంటే ఒక పక్క గోడ వైశాల్యం దాదాపు 148 చదరపు అంగుళాలు. 30 పీఎస్ఐ దగ్గర దాని మీద పడే బలం 4,400 పౌండ్ల పైన, రెండు వేల కిలోలు. ఆ పక్క ఎదురుగా మొహం పెట్టి గేజీ చూసేవాళ్లని నేను చూశాను. కంప్రెసర్ ట్యాంకులో 100 దాటి పీఎస్ఐ ఉంటుంది, పిన్ను లేని వాల్వ్‌లోంచి 12 లీటర్ల టైరులోకి అది పోతే ప్రమాదపు గీత దాటడానికి సెకన్లు చాలు. అందుకని నేను వాల్వ్‌కి క్లిప్పులా పట్టుకునే చక్, పొడవాటి గొట్టం, చేతి దగ్గర గేజీ వాడతాను, కళ్లద్దాలు పెట్టుకుని ట్రెడ్ వైపు నిలబడతాను, పక్క గోడ వైపు కాదు. కంప్రెసర్ నుంచి వచ్చే ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ కూడా తగ్గించి పెట్టుకోవాలి.

15 పీఎస్ఐ దగ్గర ఒక "టప్". 22 దగ్గర రెండోది. రెండు బీడ్లు, రెండు శబ్దాలు. టైరు మీదే రాసి ఉంటుంది, బీడ్ కూర్చోబెట్టేటప్పుడు ఇంతకి మించొద్దు అని, చిన్న టైర్ల మీద చాలాసార్లు 30, 35 అంకెలు కనిపిస్తాయి. ఆ అంకె వచ్చినా రెండో శబ్దం రాకపోతే ఇంకా ఎక్కించకూడదు, గాలంతా తీసేసి, మళ్లీ సబ్బు పూసి, టైరుని కాస్త తిప్పి మొదలుపెట్టాలి. ఇంకో రెండు పీఎస్ఐ ఎక్కిస్తే ఎక్కేస్తుందేమో అనే ఆశతోనే ప్రమాదాలు జరుగుతాయి.

శబ్దం వచ్చినంత మాత్రాన కూర్చున్నట్టు కాదు. బీడ్ పైన టైరు మీద రిమ్ము అంచుకి దగ్గరగా చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక చోట గీత లోపలికి మునిగితే అక్కడ బీడ్ ఇంకా ఎక్కలేదని. ఇక్కడ రెండు వైపులా సమానంగా ఉంది.

చక్ తీశాను, గాలంతా పోయింది, పిన్ను లేదు కదా. బీడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. పిన్ను బిగించి మళ్లీ గాలి కొట్టి, మెషిన్ మాన్యువల్‌లో ముందు చక్రాలకి రాసినట్టు 14 పీఎస్ఐ దగ్గర ఆపాను. బయటి వైపు బీడ్ చుట్టూ సబ్బు నీళ్లు చల్లాను, బుడగలు లేవు. చక్రం ఎక్కించి, మొత్తానికి దొరికిన ఆ క్లిప్పు పెట్టి, బాబాయ్ ఇచ్చిన టీ కూడా తాగి వచ్చేశాను.

పొద్దున్నే ఫోన్. "మళ్లీ దిగిపోయిందిరా."

వెళ్లి గేజీ పెడితే 4. రాత్రికి రాత్రి పది పీఎస్ఐ ఎటు పోయింది? చలికి గాలి కుంచించుకుపోయిందనుకుందామా అంటే ఆ లెక్క వేరే. 14 పీఎస్ఐ ఉన్న టైరు 20 డిగ్రీలు చల్లబడితే తగ్గేది రెండు పీఎస్ఐ లోపే, పది కాదు.

ఈసారి చక్రం విప్పి నీళ్ల తొట్టిలో ముంచాను. నిన్నే చేయాల్సిన పని. రెండు చోట్ల బుడగలు. ఒకటి లోపలి వైపు బీడ్ దగ్గర, నేను టార్చ్‌తో ఒక చూపు చూసి వదిలేసిన వైపు, నాలుగు వేళ్ల మేర సన్నటి బుడగల వరస. రెండోది మరీ దొంగది. వాల్వ్ మామూలుగా ఉంటే బుడగ లేదు, దాన్ని వేలితో పక్కకి వంచితే దాని అడుగున పగులు తెరుచుకుని బుడబుడమంటోంది. ఏళ్లు గడిచిన రబ్బరు వాల్వ్ రిమ్ముని తాకే చోటే పగులుతుంది. నేను నిన్న సబ్బు నీళ్లు వాల్వ్ మూతి మీద చల్లాను, దాన్ని వంచి అడుగున చూడలేదు.

కాబట్టి బీడ్లు మళ్లీ వదిలించాలి. నిన్న ఎక్కించడానికి పడ్డ కష్టమంతా ఇవాళ దింపడానికి. చిన్న రిమ్ములకి ఇది పెద్ద టైర్ల కంటే మొండి పని, పక్క గోడ పొట్టి, వంగదు. ముందు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలి, బీడ్ పక్కన సబ్బు పోసి, పెద్ద సి-క్లాంపుకి చెక్క ముక్క పెట్టి రిమ్ము అంచు పక్కనే టైరుని నొక్కుతూ, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చుట్టూ తిరిగాను. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలించొద్దు, బీడ్ రబ్బరు తెగితే ఆ తెగిన చోట ఎప్పటికీ గాలి కారుతుంది. టైర్ లివర్లు గుండ్రటి అంచుతో ఉంటాయి, అవి వాడాలి. బీడ్‌ని రిమ్ము మీద నుంచి దాటించేటప్పుడు ఎదుటి వైపు బీడ్‌ని రిమ్ము మధ్య పల్లంలోకి తోసి ఉంచితే ఇటు వైపు వదులు దొరుకుతుంది. ఆ పల్లం ఉన్నదే అందుకు. తీగ సాగదు కాబట్టి వదులు ఎక్కడి నుంచో రావాలి.

టైరు తీశాక లోపలి వైపు రిమ్ము చూస్తే సిగ్గేసింది. బీడ్ కూర్చునే చోట పెయింటు లేచిపోయి, కింద తుప్పు పొరలు పొరలుగా, గోటితో గీస్తే ఊడొస్తోంది. నేను చేసిందల్లా ఆ పొరల మీద బీడ్‌ని కూర్చోబెట్టడం. వైరు బ్రష్, తర్వాత ఎమరీ పేపరు, మెరుపు కనపడేదాకా. కొన్ని గుంటలు మిగిలాయి, లోతు లేవు. గోరు దిగబడేంత గుంటలు ఉంటే, రిమ్ము చిల్లు పడే దశలో ఉంటే ఇక ఆ రిమ్ముకి ట్యూబే గతి, లేదా రిమ్ము మార్చాలి. రిమ్ము అంచు ఒక చోట రాయి తగిలి కాస్త వంగి ఉంటే వెనక చెక్క పెట్టి సుత్తితో సరిచేశాను. పలచగా ప్రైమరు, పెయింటు వేసి ఒక రోజు ఆరనిచ్చాను. బాబాయ్‌కి అదే నచ్చలేదు, "గాలి కొట్టడానికి మూడు రోజులా" అని.

వాల్వ్ మార్చాను. 11.5 మిల్లీమీటర్ల రంధ్రానికి సరిపోయే మామూలు రబ్బరు వాల్వ్, టీఆర్ 413 రకం, కార్లలో కూడా ఇదే ఎక్కువ. సబ్బు పూసి లోపలి నుంచి పెట్టి, బయటి మరకి లాగే పనిముట్టు బిగించి లాగితే "టక్"మని గాడిలో కూర్చుంటుంది. టైరు తీసినప్పుడల్లా వాల్వ్ మార్చేయడం ఇప్పుడు నా నియమం.

మళ్లీ ఎక్కించేటప్పుడు బీడ్ సీలర్ (బీడ్‌కీ రిమ్ముకీ మధ్య సన్నటి సందులు మూసే పూత) పలచగా పూశాను, ఆ గుంటల వరకే. గడ్డలు గడ్డలుగా పూస్తే అదే కొత్త సందు చేస్తుంది. బకెట్ మీద పెట్టి పట్టీ దగ్గర ఉంచుకున్నాను గానీ దాని అవసరం రాలేదు, కంప్రెసర్ వదలగానే పట్టేసింది. మొదటిసారి గాలితో కాసేపు నిండి ఉండటంతో పక్క గోడలకి తమ పాత ఆకారం కొంత గుర్తొచ్చిందన్నమాట. ఈసారి రెండు వైపులా తొట్టిలో ముంచి, వాల్వ్ వంచి కూడా చూశాను. ఏమీ లేదు.

మధ్యలో బాబాయ్ రెండు ప్రశ్నలు వేశారు, రెండూ న్యాయమైనవే. "ట్యూబు వేసేస్తే పోయేది కదా?" పోయేదే. ఇంత నెమ్మదిగా తిరిగే బండికి ట్యూబు వేయడంలో తప్పేం లేదు, బీడ్ దెబ్బతిన్నప్పుడు నేనూ అదే వేస్తాను. కానీ తుప్పు పొరలు అలాగే ఉంచి ట్యూబు వేస్తే అవే ట్యూబుని గీకి చిల్లు పెడతాయి, టైరులో విరిగిన ముల్లు మిగిలినా అంతే. రిమ్ము శుభ్రం చేయక తప్పదు, అంత చేశాక ట్యూబు ఎందుకు. రెండోది, "ఆ పచ్చటి సీలెంట్ పోస్తేనో?" ట్రెడ్‌లో ముల్లు చిల్లులకి అది బాగానే పనిచేస్తుంది. ఊడిన బీడ్‌ని ఎక్కించలేదు. కారణం తెలియకుండా పోస్తే ఏడాది తర్వాత టైరు విప్పే వాడు, అంటే నేను, ఆ జిగట కడుక్కోవాలి.

నిప్పు సంగతి. అది పనిచేస్తుంది, అందుకే ఇంకా ప్రమాదం. స్ప్రే ఎంత పడిందో, లోపల ఎంత ఒత్తిడి వస్తుందో కొలిచే వీలు లేదు, రెగ్యులేటర్ లేదు, ఆపే మీట లేదు. మంట చల్లారాక లోపలి గాలి కుంచించుకుని బీడ్ మళ్లీ వదిలేయడమూ ఉంది. పైగా షెడ్డులో, పెట్రోలు ట్యాంకు ఉన్న మెషిన్ పక్కన. బాబాయ్‌తో ఇదంతా చెప్తే, "నేను చేస్తానన్నానా, చూశాను అన్నాను" అన్నారు.

ఇదే షెడ్డులో ఆయన చేతిబండి చక్రం కూడా పడి ఉంది, దాని రిమ్ము రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో బిగించిన రకం. ఇలాంటిది చూస్తే ఒకటే మాట. గాలి పూర్తిగా తీసి, పిన్ను కూడా తీసేశాకే ఆ బోల్టుల మీద పానా పెట్టాలి. లోపల గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు ముక్కలూ విడిపోయి ఎగురుతాయి. ఏ బోల్టులు రిమ్ముని కలిపేవో, ఏవి హబ్బుకి బిగించేవో చూసుకుని మరీ ముట్టుకోవాలి.

చివరికి చక్రం ఎక్కించాక మిగతా మూడూ చూశాను. ముందు ఎడమది 13. వెనకవి 20×8.00-8, మాన్యువల్ ప్రకారం 10 ఉండాలి, ఎడమది 10, కుడిది 6. ఈ కొలతకి తక్కువ ఒత్తిడి చూపే గేజీ కావాలి, కారు గేజీలో 10 అంటే ముల్లు ఇంకా నిద్ర లేవని చోటు. వెనక కుడిదాంట్లో వాల్వ్ పిన్నే వదులుగా ఉంది, బిగించి 10 చేశాను.

బాబాయ్ ఒక వరస కోసి చూసి, "ఇదేంట్రా, ఇప్పుడు ఎడమ వైపు గొరిగేస్తోంది" అన్నారు.

నాకు అప్పుడు వెలిగింది. "కింద బ్లేడు ఉండే పళ్లెం ఎత్తు ఎప్పుడైనా మార్చారా బాబాయ్?"

కిందటి సీజన్‌లో కుడి వైపు గడ్డి పొట్టిగా తెగుతోందని కుడి వైపు పళ్లెం ఎత్తు పెంచుకున్నారట. దానికి కారణం ముందు చక్రం అనుకున్నారు, కాదు. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది కాబట్టి ముందు ఒక చక్రం దిగినా మెషిన్ పక్కకి పెద్దగా ఒరగదు, ముక్కు కాస్త దిగుతుంది అంతే. పక్కకి ఒరిగించేది వెనక చక్రాల్లో తేడా. వెనక కుడిదాంట్లో గాలి తక్కువై మెషిన్ కుడికి ఒరిగితే, ఆయన దానికి తగ్గట్టు పళ్లెం సర్దుకున్నారు. ఇప్పుడు టైరు సరైంది, పళ్లెం తప్పయింది.

ప్లగ్ వైరు మళ్లీ పీకి, చదును నేల మీద, మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడు కొనలని అడ్డంగా తిప్పి రెండు వైపులా నేల నుంచి ఎత్తు కొలిచాను. కుడి వైపు 9 మిల్లీమీటర్లు ఎక్కువ. రెండు వైపుల తేడా 3 మిల్లీమీటర్లలోపు వచ్చేదాకా సర్ది, ముందు కొన వెనక కంటే కొంచెం కిందికి ఉందో లేదో చూసి బిగించాను. ఈ పని టైర్లలో గాలి సరిచేశాకే చేయాలి, ముందు చేస్తే మళ్లీ చేయాల్సిందే.

వారం తర్వాత గేజీ పెడితే ముందు కుడిది 14, నెలకి 13 కి కొంచెం పైన. ముందు ఎడమది మాత్రం నెలలో 13 నుంచి 9 కి దిగింది. దాని లోపలి వైపు రిమ్ము ఇంకా చూడలేదు, ఎలా ఉంటుందో ఊహించగలను. వచ్చే వారం బకెట్, సి-క్లాంపు పట్టుకుని వెళ్తున్నాను, కొత్త వాల్వ్ కూడా.